బసవేశ్వరుడు – ఆయన కొలువువారు

పూర్వము రాజుల వద్దను మంత్రుల వద్దను తాంబూలపు సంచి మోయు సేవకుడొకడుండెడివాడు. ఆ సంచికి తెలుగున అడపమని పేరు. కన్నడమున హడప అందురు. ప్రభువు ఎచ్చటికి పోయిన ఆ సేవకుడు వెంట పోవలెను. అడిగినప్పుడు ఆకు, వక్క, సున్నము కూర్చి అందీయవలెను; అడుగనప్పుడు గోడవలె కదలక నిలిచియుండవలెను. కొలువులలో అది చిన్న కొలువు. 12వ శతాబ్దమున కల్యాణ నగరమున బిజ్జలునికి భాండాగారాధిపతియై, పిదప ప్రధానియై వెలసిన బసవేశ్వరునకు అట్టి సేవకుడొకడుండెను. అతని పేరు అప్పన్న. ఎనిమిది వందల యేండ్లు గడచినను కన్నడదేశమున అతడు హడపద అప్పన్న యనియే పిలువబడుచున్నాడు. ఆనాడు బిజ్జలుని కొలువున మీసములు దువ్విన దండనాయకుల పేళ్లు శాసనములు చదువు పండితులకు తప్ప తెలియవు. తాంబూలపు సంచి మోసినవాని పేరు ఊరూర తెలియును. ఇది యెట్లు జరిగినదో గ్రహింపవలెనన్న ఆ సంచి యెవరి కొరకు మోయబడెనో ఆయన జీవితమును సేవకుల వైపు నుండి చూడవలెను.

బసవేశ్వరుని చరిత్రకు ఆధారములు పలువిధములు. 1260 నాటి అర్జునవాడ శాసనమున ఆయన ప్రస్తావన కలదు. 13వ శతాబ్దమున మన పాలకురికి సోమనాథుడు ద్విపదలో బసవపురాణమును రచించెను. దాని ననుసరించి 1369లో భీమకవి కన్నడమున బసవపురాణము కూర్చెను. హరిహరుడు రగళె ఛందస్సున బసవరాజదేవుని కథ చెప్పెను. 15వ శతాబ్దమున శరణుల గోష్ఠిని సంవాదరూపమున కూర్చిన శూన్యసంపాదన వెలువడెను. తాళపత్రములలో చెదరియున్న వచనములను 20వ శతాబ్దమున ఫ.గు. హళకట్టి విజాపురమున నుండి ఇంటింట వెదకి తెచ్చి అచ్చువేయించెను. ఈ గ్రంథములలో మహిమలకు కొదువ లేదు. మహిమలను విశ్వసించువారు విశ్వసింతురు. విశ్వసింపనివారు కూడ ఒక సంగతిని గమనింపవచ్చును. ఈ కథలలో పెక్కు పనిని గూర్చిన కథలే. తాడు పేనువాడు, కట్టెలు కొట్టువాడు, బట్టలుతుకువాడు, వాకిలి ఊడ్చునామె – వీరి పనికి వెల యెంత, దాని నిచ్చువాడు ఎట్లిచ్చెను, పుచ్చుకొనువారు ఎట్లు పుచ్చుకొనిరి అనునదే వానిలోని విషయము.

బసవేశ్వరుడు నేటి విజయపుర జిల్లాలోని బాగేవాడి అగ్రహారమున మాదిరాజు, మాదాంబ దంపతులకు జన్మించెను. ఉపనయనము వలదని పట్టుపట్టి ఇల్లు వెడలిన కథ మన పిల్లలకును తెలిసినదే. అక్క నాగాంబకు లేని జందెము తనకేలయని తిరుగబడెనని సంప్రదాయము. కృష్ణా మలప్రభలు కలియు కూడలసంగమమున గురుసన్నిధిని పెక్కేండ్లు విద్య నభ్యసించెను. మేనమామ బలదేవుడు బిజ్జలుని మంత్రి. ఆయన కుమార్తె గంగాంబతో బసవేశ్వరునకు వివాహము జరిగెను. నీలాంబ రెండవ భార్య. ఈ భాగమును పురాణకర్తలు విస్తరించి చెప్పినారు. ఇచ్చట దానిని దాటి కొలువు సంగతికి పోవచ్చును.

బసవేశ్వరుడు పుట్టుకతో అధికారి కాడు, కొలువున చేరి ఎదిగినవాడు. హరిహరుని కథనము ప్రకారము ఆయన మంగళవాడలో భాండాగారపు లెక్కలు వ్రాయు కరణముగా చేరెను. నేడు ఆ ఊరు మహారాష్ట్రమున సోలాపురము జిల్లాలో నున్నది. లెక్కలలో ఇతరులకు దొరకని తప్పును పట్టి చూపగా భాండాగారాధికారి ఆయన ప్రజ్ఞను గుర్తించెనట. కావున ఒకరి క్రింద కూర్చుండి వ్రాయుట యెట్లుండునో, పైవాని చూపు మీద పడినప్పుడు గుండె యెట్లు కొట్టుకొనునో ఆయనకు తెలియును. తరువాత ఆయన క్రింద వందలమంది పనిచేసిరి. తాను కరణముగా నున్న దినములను మరచిపోవుట అధికారులకు సామాన్యముగా కలుగు జబ్బు. బసవేశ్వరునకు ఆ జబ్బు సోకలేదు.

బిజ్జలుడు కలచురి వంశమువాడు. చాళుక్యులకు సామంతుడై యుండి, వారి బలము సన్నగిల్లగా కల్యాణమును కైవసము చేసికొని, 1162లో సార్వభౌమ బిరుదములను ధరించెను. ఆ కల్యాణమే నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణము. 1956 వరకు అది హైదరాబాదు రాష్ట్రములోనిదే. తెలంగాణ వీరశైవ కుటుంబములకు దూరపు ఊరు కాదు. బిజ్జలుని క్రింద బసవేశ్వరుడు చేసిన కొలువు సుఖమైన కొలువు కాదు. జంగమార్చనకై రాజధనమును వెచ్చించుచున్నాడని కొండెములు చెప్పువారు సభలో ఎప్పుడును ఉండిరి. బిజ్జలుడు వినెను, లెక్క చూపుమనెను. పెట్టెలు తెరిపించి నాణెములు లెక్కింపగా ఒక్కటియు తక్కువ కాలేదని బసవపురాణము చెప్పును. సోమనాథుడు దీనిని శివుని మహిమగా వర్ణించినాడు. లెక్క వచ్చిన మనిషి తన లెక్కను సరిగా ఉంచుకొనెనని అనుకొన్నను కథ చెడదు. రాజసొమ్మును తన నేటి అవసరమునకు గాని రేపటి అవసరమునకు గాని ముట్టలేదను ప్రమాణము ఆయన వచనములలో వినబడును.

ఇట్టి అనుమానము మరల మరల జరిగెను. ఒకసారి నిర్దోషియని తేలిన పిదపను మరునాడు మరియొకడు చెప్పిన మాటను బిజ్జలుడు చెవిని పెట్టెను. ప్రజ్ఞను వాడుకొనుటకు వెనుదీయడు, మనిషిని నమ్ముటకు మాత్రము మనసొప్పదు – ఇట్టి యజమానుని బసవేశ్వరుడు చాలకాలము భరించెను. పైవాడు తన యెడ ఎట్లు ప్రవర్తించిన, క్రిందివారి యెడ అట్లే ప్రవర్తించుట లోకరీతి. కొరడా పైనుండి దిగుచు చివరకు గుఱ్ఱపుశాల కుఱ్ఱవాని వీపుపై పడును. బసవేశ్వరుని ఇంట ఆ రీతి సాగలేదు.

ఆయన ఇంటికి మహామనె యని పేరు. అప్పన్న అచ్చటనే యుండెను. అప్పన్న క్షౌరవృత్తి కుటుంబమువాడని సంప్రదాయము; నేటికిని కర్ణాటకమున ఆ వృత్తివారు హడపదవారను పేరుతో అతనిని తమ మూలపురుషునిగా భావింతురు. ప్రయాణమునకు బయలుదేరునప్పుడు క్షురకుడు ఎదురైన అపశకునమని ఇల్లు చొచ్చి నీళ్లు త్రాగి మరల బయలుదేరు ఆచారము మన ఊళ్లలోను ఉండెడిది. బసవేశ్వరుడు అట్టివానిని తన ద్వారమున నిలిపెను. ప్రధానిని చూడవచ్చువారు సామంతులైనను, పండితులైనను ముందుగా అప్పన్న ముఖము చూడవలెను. వచ్చిన పని అతనితో చెప్పవలెను. అతడు పొమ్మన్నప్పుడు లోనికి పోవలెను. ఎవరిని చూచిన కీడని లోకమనునో అతనిని చూడనిదే ప్రధాని దర్శనము లేదు. ఈ ఏర్పాటును గూర్చి బసవేశ్వరుడు ఎవరికిని ఉపన్యాసమీయలేదు. మనిషిని గుమ్మమున నిలిపి ఊరకుండెను.

అప్పన్న సంచి మోయుటతో ఆగిపోలేదు. అనుభవమంటపమున కూర్చుండి చర్చ చేసెను; వచనములు పలికెను. అతనివి నేడు రెండు వందలకు పైగా లభించుచున్నవి. అతని భార్య లింగమ్మయు వచనకర్త్రియే. ఆమెవి నూరుకు పైగా కలవు. అప్పన్న తన వచనముల ముద్రికలో తనను బసవప్రియునిగా చెప్పుకొనెను. లింగమ్మ తన ముద్రికలో అప్పన్నప్రియయని చెప్పుకొనెను. యజమానుని పేరు సేవకుని వచనమునను, ఆ సేవకుని పేరు అతని భార్య వచనమునను నిలిచినవి. చదువు సంధ్యలు పైవర్ణములకే చెల్లునని యెంచు కాలమున ఒక సేవకుడును అతని యిల్లాలును ఇన్ని వచనములు పలుకుటకు తీరికయు ధైర్యమును ఉండవలెను. పగలు రాత్రి యజమానుని పిలుపునకు పరుగెత్తువానికి ఆ రెండును ఉండవు. ఆ యింట ఇచ్చిన వానిలో జీతము కంటె ఈ తీరికయే పెద్దదియేమో!

సేవకుని గౌరవించు యజమానుడు కూడ పొరపాటు చేయకపోడు. శూన్యసంపాదన ఒక సన్నివేశమును దాచక చెప్పుచున్నది. అల్లమప్రభువు, సొన్నలిగె సిద్ధరాముడు కల్యాణమునకు వచ్చి మహామనె వాకిట నిలిచిరి. ఆ వేళ బసవేశ్వరుడు లింగపూజలో నుండెను. వారిని లోనికి తోడ్కొని రమ్మని అప్పన్నను పంపెను. అప్పన్న వినయముతో ఆహ్వానించెను; అల్లమప్రభువు అడుగు కదపలేదు. తాను స్వయముగా చేయవలసిన మర్యాదను మరియొకరి చేత చేయించుట ఆహ్వానము కాదని ఆయన భావము. అప్పన్న ఆహ్వానములో లోపము లేదు. లోపము పంపినవానిది. చెన్నబసవన్న సంగతి గ్రహించి చెప్పగా బసవేశ్వరుడు పూజ వదలి వచ్చి పాదములకు మ్రొక్కి క్షమ వేడెను. వాకిట నిలువబడి ఉట్టి చేతులతో తిరిగి వచ్చిన అప్పన్న మీద కసరలేదు. నేటి కచేరీలలో ఇట్టి వేళ మొదట ఎవరి మీద కేకలు పడునో అందరికి తెలిసినదే.

కల్యాణమున శరణులు తమ పనిని కాయకమనిరి. ఒడలు వంచి న్యాయముగా ఆర్జించుట, ఆర్జించినది దాచుకొనక జంగమ దాసోహమునకు సమర్పించుట – ఇంతే కాయకము. ప్రధాని వ్రాయు లెక్కయు కాయకమే. చెప్పులు కుట్టుటయు కాయకమే. ఈ మాట ఒప్పుకొనుట తేలిక. ఒప్పుకొన్న పిదప ఇచ్చువానికిని పుచ్చుకొనువానికిని నడుమ నున్న నడవడి యంతయు మారిపోవును. బసవేశ్వరునకు ఈ సంగతి ఒక్కనాడు బోధపడలేదు. ఆయన చేతిలో ధనముండెను, మనసులో దయ యుండెను. దయగలవాడు సహజముగా ఎక్కువ ఇచ్చును. మూడు మారులు ఎక్కువ ఇచ్చెను. మూడు మారులును అది తిరిగి వచ్చెను.

మొదటిది ఆయ్దక్కి మారయ్య కథ. లింగసుగూరు ప్రాంతపు అమరేశ్వరము నుండి వచ్చిన మారయ్య, లక్కమ్మ దంపతులు కల్యాణమున నివసించిరి. మహామనె ముంగిట దాసోహమునకై వచ్చు బియ్యము చాటలనుండి, బస్తాలనుండి కొంత నేలపాలగును. దానిని ఏరుటయే మారయ్య కాయకము. ఏరిన బియ్యముతో ఇంట వంట చేసి జంగములకు పెట్టి తాము తినెడివారు. బసవేశ్వరుడు వారి పేదరికమును చూచి, ఒకనాడు వాడుక కంటె ఎక్కువ బియ్యము నేల రాలునట్లు చేయించెనని కథ. చేత ఇచ్చిన పుచ్చుకొనడని తెలిసి, ఇచ్చినట్లు కనబడకుండ ఇచ్చెనన్నమాట. మారయ్య ఏరుకొని ఇంటికి తెచ్చెను. లక్కమ్మ మూట చూచెను. దినమును వచ్చు కొలత ఆమె చేతికి తెలియును. ఇది మన కొలత కాదు, ఎక్కడిది అక్కడ పోసి రమ్మని భర్తను వెనుకకు పంపెను. మారయ్య మారు పలుకక పోయి పోసి వచ్చెను.

పేదరాలి పట్టుదలయని దీనిని తేలికగా తీసికొనరాదు. ఆమె కాదన్నది బియ్యమును కాదు. ఏరిన బియ్యము తన మగని పని; రాల్చిన బియ్యము ప్రధాని దయ. దయ తినుట మొదలుపెట్టిన నాటినుండి పని చిన్నదగును, ప్రధాని పెద్దవాడగును. ఆ తేడా ఆమె ముందుగా కనిపెట్టెను. భర్త అనుభవమంటపమున చర్చలో మునిగి ఏరుటకు పోవుట మరచిన నాడు కూడ పనికి వేళ మించుచున్నదని లేపి పంపినది ఆమెయే. శివగోష్ఠి కంటె పని తక్కువది కాదని ఒక గృహిణి పురుషులందరి యెదుట నిలిపిన దినమది.

రెండవది నులియ చందయ్య కథ. చందయ్య చెరువులలో గడ్డి కోసి, నార తీసి, తాళ్లు పేని అమ్మును. గడ్డి కోయుచుండగా మెడలోని లింగము నీట జారిపడిననను అతడు కోయుట మానలేదని, పిదప లింగమే అతనిని వెంబడించెనని శూన్యసంపాదన చెప్పును. మడివాళ మాచయ్య నడుమ పడి వారిని కలిపెనట. ఆ తాడు బసవేశ్వరుని ఇంటికి అమ్మకమునకు రాగా, ఆయన దాని వెల కంటె ఎన్నో మడుగుల బంగారమిచ్చెను. చందయ్యకు కోపము వచ్చెను. తాటికి తాటి వెల యుండును. అంతకు మించినది తన కాయకమునకు వచ్చినది కాదు గావున దానితో చేసిన దాసోహమును తనది కాదని తిరిగి పంపెను. వెల తగ్గించి పనివానిని మోసగించుట అన్యాయమని అందరు ఎరుగుదురు. వెల మరీ పెంచుటలో కూడ అతని పనిని లెక్కచేయకపోవుట యున్నదని చందయ్య ఎరిగెను. తాడు గట్టిదా కాదా యని చూడనివాడే అంత బంగారమిచ్చును. ఈ చందయ్య, కాయకమునుండి గురువునకు గాని జంగమునకు గాని మినహాయింపు లేదని వాదించిన మనిషి. మఠములు నడుపువారు అతనిని మాటిమాటికి తలచుకొనక పోవుటలో వింత లేదు.

మూడవది మోళిగె మారయ్యది. కాశ్మీరదేశపు రాజ్యమును విడిచి, భార్య మహాదేవితో కల్యాణమునకు వచ్చి, అడవిలో కట్టెలు కొట్టి మోపు మోసి అమ్మినవాడని ఇతనిని గూర్చి చెప్పుదురు. అతడు ఇంట లేని వేళ బసవేశ్వరుడు మారువేషమున ఆ గుడిసెకు పోయెను. మహాదేవి గంజి పెట్టెను. త్రాగి, ఆమె చూడకుండ కొంత బంగారము ఆ గుడిసెలో నుంచి వచ్చెను. సాయంకాలము మారయ్య మోపు దించి దానిని చూచి, పెట్టినవారెవరో ఊహించి, ఆ బంగారమును జంగములకు పంచివేసెను. అతిథియై వచ్చి గంజి త్రాగినవాడు గంజికి వెల కట్టి పోయెనని అతని నొచ్చుకోలు. బసవేశ్వరుడు మరల ఆ గుడిసెకు పోయెను. ఈసారి ప్రధానిగా కాదు, తప్పు చేసినవానిగా పోయెను.

ఈ మూడు కథలను పురాణ శ్రవణములలో మారయ్యల వైరాగ్యమునకును చందయ్య నిష్ఠకును ఉదాహరణములుగా చెప్పుట వాడుక. అది సరియే. కాని మూడింటను మరియొక మనిషి యున్నాడు. ఆయన బిజ్జలుని తరువాత ఆ రాజ్యమున అంతటివాడు. బియ్యము ఏరువాడు, తాడు పేనువాడు, కట్టెలు మోయువాడు ఆయన ఈవిని తిరిగి ముఖాన కొట్టిరి. ఆయన కోపగించుకొన్నట్లు ఒక్క కథయు లేదు. నా సొమ్ము వలదన్నవానికి నా ముంగిట పని లేదని ఆయన అనలేదు. పనివాడు కాదనగలిగిన చోటనే అతడు ఔనన్న మాటకు విలువ. కాదనుటకు వీలున్న ఇల్లు అది. దానము చేయువాని మనసులో దాగియుండు గర్వమును ఎత్తి చూపి బసవేశ్వరుని మందలించినది మడివాళ మాచయ్య. అతడు ఊరి బట్టలుతుకువాడు. ఆ కథను సోమనాథుడు మన తెలుగుననే చెప్పినాడు. మాచయ్య తరువాతను శరణులలో పెద్దగానే యుండెను, బసవేశ్వరుడు తలవంచుచునే యుండెను.

అనుభవమంటపమున అల్లమప్రభువు పీఠము నధిష్ఠింపగా పడవ నడుపు అంబిగర చౌడయ్య, తోలు పని చేయు డోహర కక్కయ్య, వాకిళ్లూడ్చు సత్యక్క వంటివారి పేళ్లు బ్రాహ్మణ కులమునుండి వచ్చిన మంత్రుల పేళ్లతో కలిసి వినబడును. వీథిలో పడియున్న బంగారమునైనను ముట్టనని సత్యక్క నియమము. బసవేశ్వరుడు తన వచనములలో తన వంశమును అగ్రహారమున వెదకుకొనలేదు. మాదార చెన్నయ్య, డోహర కక్కయ్యల ఇంటి దాసదాసీల సంతతిగా తన్ను చెప్పుకొనెను. అధికారి తన క్రిందివారిని అన్నదమ్ములనుట వేరు. తానే వారి ఇంటి బిడ్డననుట వేరు. మొదటిది సభలలో నేటికిని వినబడుచున్నది. దుకాణపు గద్దెపై కూర్చుండి, పాతికేండ్లుగా మూటలు మోసిన ముసలివానిని పేరు పెట్టి పిలువని యజమానులు మనలోను కలరు. మెడలో లింగమున్న ఇంటనే పాలేరునకు వేరు గ్లాసు చూరున దోపుటయు కలదు. వైశాఖమాసమున బసవజయంతి ఊరేగింపు తీయుటకు ఇవి యేవియు అడ్డము రావు.

హరళయ్య కథ తెలిసినదే యైనను ఇచ్చట చెప్పక తప్పదు. హరళయ్య చెప్పులు కుట్టువాడు. ఒకనాడు వీథిలో ప్రధాని ఎదురుగా రాగా శరణని మ్రొక్కెను. బసవేశ్వరుడు బదులుగా రెండు మారులు శరణు చెప్పి మ్రొక్కెను. తాను పెట్టిన నమస్కారము ఒకటి, తిరిగి వచ్చినవి రెండు. హరళయ్యకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ ఎక్కువైన ఒక్క నమస్కారము తనపై అప్పుగా నిలిచెనని భార్య కల్యాణమ్మతో చెప్పుకొనెను. తుదకు దంపతులిద్దరు తమ తొడల చర్మముతో చెప్పుల జత కుట్టి తెచ్చి సమర్పించిరని కన్నడదేశపు సంప్రదాయము. బసవేశ్వరుడు వానిని కాళ్లకు తొడుగలేదు, తలపై పెట్టుకొని తిరిగి ఇచ్చివేసెను. ధనము ఎక్కువ ఇచ్చినప్పుడు చందయ్య తిరిగి పంపగలిగెను. గౌరవము ఎక్కువ ఇచ్చినప్పుడు హరళయ్య తిరిగి పంపలేకపోయెను. జన్మమంతయు ఒక్క నమస్కారమునకు నోచుకొననివానికి రెండు దొరికిన అదెంత బరువో ఈ భయంకరమైన కథ చెప్పుచున్నది. ఒడలి చర్మము వలుచుకొనునంతటి ఆకలి అతనికి ఎవరు కలిగించిరను ప్రశ్న కల్యాణ నగరము మొత్తమునకు సంబంధించినది.

ఆ నగరమే దానికి జవాబు చెప్పెను. హరళయ్య కుమారుడు శీలవంతునకు, బ్రాహ్మణ కులమునుండి వచ్చిన శరణుడు మధువరసుని కుమార్తెను ఇచ్చి పెండ్లి చేసిరి. లింగధారణ చేసిన ఇద్దరును సమానులే గావున ఆ పెండ్లికి అడ్డు లేదని శరణులు తలచిరి. సంప్రదాయజ్ఞులు బిజ్జలుని సభలో గగ్గోలు చేసిరి. చెప్పులు కుట్టువాడు ధర్మగోష్ఠిలో కూర్చుండుటను ఇంతకాలము చూచి చూడనట్లు ఊరకున్నవారు, అతడు వియ్యంకుడగుటను మాత్రము సహింపలేకపోయిరి. బిజ్జలుడు హరళయ్య, మధువరసులను కఠినముగా శిక్షించెను. సోమనాథుడు వారి కన్నులు తీయించినట్లు చెప్పును. తరువాతి కన్నడ కావ్యములు ఏనుగు కాలికి కట్టి వీథులలో ఈడ్పించినట్లు చెప్పును. అంతకాలము సేవ చేసిన ప్రధాని మాట ఆనాడు రాజునకు వినబడలేదు. బసవేశ్వరుడు కొలువు విడిచి కూడలసంగమమునకు వెడలెను. శరణులు చెల్లాచెదరైరి. బిజ్జలుడు హత్య చేయబడెను. ఇది 1167–68 ప్రాంతపు మాట. హత్య శరణుల చేత జరిగినదని పురాణములు చెప్పగా, రాజకుటుంబపు కలహములే కారణమని కొందరు చరిత్రకారులు తలంతురు.

అధికారము పోయిన పిదప పరివారము నిలువదు. ఛత్రచామరములు పోయినవి, కావలివారు పోయిరి, కార్యార్థులై గుమ్మమున కాచుకొన్నవారు ముందుగా పోయిరి. కూడలసంగమమున బసవేశ్వరుని వెంట నున్నవారిలో అప్పన్న యుండెను. అడపములో పెట్టుటకు ఆకు వక్కలు ఉండెనో లేదో! బసవేశ్వరుడు తన అవసానకాలమున కల్యాణమున నున్న నీలాంబను తోడ్కొని రమ్మని అతనినే పంపెను. అల్లమప్రభువును పిలుచుటకు పంపినప్పుడు తప్పయిన పని, భార్యను పిలుచుటకు పంపినప్పుడు తప్పు కాలేదు. ఆ వేళకు అతడు సేవకుడు కాడు, ఇంటివాడు.

అప్పన్న కల్యాణమునకు పోయి నీలాంబను వెంటబెట్టుకొని బయలుదేరెను. కృష్ణానది యొడ్డున తంగడగి యను గ్రామమునకు చేరునప్పటికి సంగమమున బసవేశ్వరుడు లింగైక్యము చెందినట్లు వారికి తెలిసెను. నీలాంబ అచ్చటనే ఆగి, ముందుకు సాగక, ఆ యొడ్డుననే లింగైక్యము చెందెను. అప్పన్నయు అచ్చటనే తనువు చాలించెను. విజయపుర జిల్లా ముద్దేబిహాళ ప్రాంతపు ఆ తంగడగిలో నేటికిని ఇద్దరి స్థానములు ఉన్నవి. ప్రధాని ఇల్లాలి గుడికి పోవు భక్తులు ఆయన తాంబూలపు సంచి మోసినవాని గుడిలోను టెంకాయ కొట్టి వత్తురు.